నెలలు నిండిన వేళ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయోత్సవ వేదికపై పురుళ్ళ ప్రసంగమేమని కొందరు పెద్దలకు తోపవచ్చును. పురుడు జరుగని యిల్లు ఈ గ్రామములో ఒక్కటియు లేదు. వెనుక వరుసలలో గూర్చున్న మగవారును లేచిపోవలసిన పనిలేదు. నెలలు నిండిన స్త్రీని ఏ ఆసుపత్రికి, ఏ దినమున తీసికొనిపోవలెనో, ఆపరేషను కాగితముపై వ్రాలు చేయవలెనో కాదో తుదకు నిర్ణయించుచున్నవారు వారే గదా.

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో తొలి కాన్పునకు పిల్లను పుట్టింటికి తెచ్చుకొనుట ఆచారము. ఆసుపత్రివారి చీటీలో ఒక తేదీ వ్రాసియుండును. ఆ తేదీ వచ్చును, పోవును, నొప్పులు రావు. వీధిలో పోవుచున్న ప్రతివారును గుమ్మము వద్ద నిలిచి "ఏటమ్మా, పిల్లకింకా నొప్పులు రాలేదా?" అని యడుగుదురు. పిన్నత్త ఆముదము పట్టుమనును. పొరుగింటి అవ్వ రోకలి చేతికిచ్చి నాలుగు పోట్లు వేయింపుమనును. మేనమామ సిద్ధాంతిగారి వద్దకు పోయి మంచి ముహూర్తము వ్రాయించుకొని వచ్చును. మరియొకరు సూదిమందు వైద్యుని పిలిపించి నొప్పుల సూది వేయింపుమందురు. ఇందరు మాటలాడుచుండగా మాటాడనిది ఆ గర్భిణి యొక్కతెయే. ఈ ప్రసంగము ఆమె పక్షమున జరుగుచున్నదని తలపవచ్చును.

మొదట ఆ తేదీ సంగతి. పూర్వులు తొమ్మిది నెలలు, తొమ్మిది దినములనిరి. పందొమ్మిదవ శతాబ్దపు జర్మను వైద్యుడు నేగలె పేర నేటికిని వాడుకలోనున్న లెక్క దీనికి మిక్కిలి దగ్గరనే యున్నది. కడపటి ముట్టు మొదలైన దినమునకు తొమ్మిది నెలలును, ఏడు దినములును కలుపవలెను. జనవరి 10 నాడు ముట్టయినయెడల అక్టోబరు 17 అగును. అనగా 280 దినములు, నలుబది వారములు. ఇది రైలుబండి వచ్చు వేళ వంటిది కాదు. ముప్పదియేడవ వారము నిండినది మొదలు నలుబదిరెండవ వారము లోపల ఎప్పుడైనను కాన్పు సహజముగా రావచ్చును. సరిగా చీటీలోని తేదీనాడే పుట్టు శిశువులు నూటికి నలుగురైదుగురికి మించరు. కావున ఆ తేదీ దాటిన మరునాడే ఇంటిల్లిపాదియు బెంగపడుట నిష్కారణము.

ఐతే లెక్కయే తప్పినచో వేచియుండుటయు తప్పుదారి పట్టును. "సంక్రాంతి వెళ్ళిన నాలుగవనాడు", "సిరిమాను పండుగ వెనుకటి శుక్రవారము" అని పండుగలతో గురుతు పెట్టుకొను స్త్రీలు మన పల్లెలలో ఎందరో కలరు. ఆ గురుతు మంచిదే. దానిని వెంటనే గోడమీది క్యాలెండరులో వ్రాసికొన్నచో మరింత మంచిది. తొలి మూడు నెలలలో తీయించిన స్కానింగు తేదీని దాదాపు సరిగా చెప్పును. ఎనిమిదవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో మొదటిసారి తీయించినది రెండు మూడు వారములు అటునిటు కావచ్చును. ఆలస్యముగా తీసిన ఆ చిత్రమును నమ్మి "నెలలు నిండినవి" అని తొందరపడి, తీరా బిడ్డ నెల తక్కువదై పుట్టుట జరుగుచునే యున్నది.

నొప్పులు అసలెందుకు మొదలగును? పండు పక్వమైన వేళ తొడిమనుండి తానే విడిపోవునట్లు, కాలము నిండిన వేళ శిశువు విడివడునని సుశ్రుతుడు తన సంహిత నిదానస్థానములో పోల్చి చెప్పెను. పక్వమెవరు నిర్ణయింతురను ప్రశ్నకు గత అరువదేండ్లలో శాస్త్రజ్ఞులు కొంత సమాధానము కనుగొనిరి. న్యూజీలాండు వైద్యుడు లిగ్గిన్సు 1960లలో గొఱ్ఱెలపై పరిశోధన చేసి, గర్భములోని గొఱ్ఱెపిల్ల తల అడుగుననుండు పీయూష గ్రంథిని తొలగించినచో తల్లికి నెలలు దాటినను నొప్పులు రావని చూపెను. అనగా అక్కడ ఆజ్ఞ పిల్లనుండియే వచ్చుచున్నది. శిశువు ఊపిరితిత్తులు గాలి పీల్చుటకు సిద్ధమైనప్పుడు వానినుండి వెలువడు ఒక పదార్థము తల్లి గర్భకోశమునకు కబురు చేయునని 2004లో అమెరికాలో చుంచెలుకలపై జరిగిన పరిశోధనము తెలిపినది. స్త్రీల విషయములో కథ ఇంతకంటె చిక్కైనదే. తల్లి, బిడ్డ, మాయ మూడును కలిసి ఆ వేళను తెచ్చునని వైద్యుల అభిప్రాయము.

నొప్పులకు ముందే మరియొక పని గుట్టుగా జరుగుచుండును. ఇన్ని నెలలును బిగిసియున్న గర్భాశయ ముఖము మెత్తబడవలెను. ముక్కు కొనవలె గట్టిగా నున్నది పెదవివలె మెత్తనగునని మంత్రసానులకు బోధించెడివారు. ఆ మెత్తదనము రాకముందు ఎన్ని సూదులు వేసినను తల్లి అలసిపోవుటయే గాని కాన్పు ముందుకు సాగుట కష్టము. అట్టి వేళ మొదలుపెట్టిన నొప్పులు తుదకు ఆపరేషను బల్లవద్దకు చేర్చుట తరచుగా చూచుచున్నదే.

తరువాతిది పశువులున్న ప్రతి ఇంటివారికి తెలిసిన సంగతి. గర్భకోశమును ముడుచుకొనజేయు రసమునకు ఆక్సిటోసిన్ అని పేరు. ఇది మెదడు అడుగునుండి పుట్టును. దాని ప్రభావమును 1906లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హెన్రీ డేల్ గుర్తించెను. దానిని కృత్రిమముగా తయారుచేసిన అమెరికా శాస్త్రజ్ఞుడు డ్యూ విగ్నో 1955లో నోబెలు బహుమానము పొందెను. గేదె పాలు చేపుటకు కారణమైనదియు ఈ రసమే. గేదె ఎప్పుడు చేపును? దూడ మూతి తగిలినప్పుడు, తెలిసినవారు నిమిరినప్పుడు, దొడ్డిలో అలజడి లేనప్పుడు. కొత్తవాడు చెంబు పట్టుకొని వచ్చినను, కుక్క మొఱిగినను చేపదు. కొట్టినచో అసలే చేపదు. ఇంత సంగతి గేదె విషయములో ఎరిగిన ఇంటివారు ఆడుబిడ్డ విషయములో ఏల మరతురో తెలియదు. భయము పుట్టినప్పుడు శరీరములో వేరొక రసము బయలుదేరి దీనిని అణచును. 1966లో అమెరికాలో నైల్స్ న్యూటన్ అను విదుషి, ఆమె తోడివారు చుంచెలుకలను చోటునుండి చోటునకు మార్చుచు బెదరగొట్టి చూడగా వానికి ఈత ఆలస్యమైనది.

కావున నొప్పులు వాటంతట అవి వచ్చుటకు ఇంటివారు చేయగలిగిన మొదటి పని బెదరింపు మాటలు మానుట. "ఫలానా వారి కోడలికి ఇట్లే తేదీ దాటి..." అని మొదలగు కథలు ఆ పదిదినములు ఎవరును చెప్పకుందురు గాక. రాత్రి నిద్ర పట్టనిండు. నమ్మకమైన ఒక స్త్రీ, తల్లియో, అత్తయో, అక్కయో, కడదాక వెంట నుండవలెను. దీనిని మన పాతకాలపు చాదస్తమని త్రోసిపుచ్చిన ఆసుపత్రులే నేడు మనసు మార్చుకొన్నవి. 2017లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన లక్ష్య పథకము ప్రకారము ప్రభుత్వాసుపత్రి పురిటి గదిలో గర్భిణి కోరిన తోడు మనిషి యుండవచ్చును. పరపురుషుని కంట బడుటకు సంకోచించు స్త్రీల కొరకు పూర్వము వెలసినవి గనుకనే విజయనగరములోను, విశాఖపట్టణములోను స్త్రీల ఆసుపత్రులకు ఘోషా ఆసుపత్రులను పేరు నిలిచినది. ఘోషా పోయినను సంకోచము పోలేదు. దానిని గౌరవించు చోట కాన్పు సుఖముగా సాగును.

ఇక ముహూర్తపు మాట. ఇది కొందరికి కష్టము కలిగించినను చెప్పక తప్పదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున నూటికి 42.4 కాన్పులు ఆపరేషను కాన్పులని తేలినది. తెలంగాణములో 60.7. దేశము మొత్తముమీద 21.5 మాత్రమే. తెలుగుతల్లుల దేహములు తక్కిన భారత స్త్రీల దేహములకంటె వేరు కావు గదా! కారణములు అనేకము. ప్రైవేటు ఆసుపత్రుల తొందర యొకటి, నొప్పులకు జంకుట మరియొకటి. వానితోపాటు తెలుగునాట ప్రత్యేకముగా ప్రబలినది పంచాంగము చూపించి గంట, నిమిషము నిర్ణయించి కడుపు కోయించుట. బిడ్డ తానై పుట్టిన క్షణమును బట్టి జాతకము వ్రాయుట పూర్వుల పద్ధతి. జాతకమును ముందు వ్రాసికొని దాని ప్రకారము బిడ్డను తీయుట ఏ శాస్త్రమో సిద్ధాంతులే చెప్పవలెను. 1910లో హేలీ తోకచుక్క కనబడి లోకము బెదరుచుండగా, విజయనగరములో గురజాడ అప్పారావుగారు దానిని శుభసూచకముగా దర్శించి ముత్యాల సరములు వ్రాసిరి. ఆ యూరి పరిసరములలోనే నేడు నక్షత్రమునకు జంకి నెల నిండని బిడ్డను వెలుపలికి తీయించుట శోచనీయము.

ఇందు నష్టమేమని యడుగుదురు. ముప్పదితొమ్మిది వారములు నిండకముందు, నొప్పులు రాకుండ, ఆపరేషనుతో తీసిన శిశువులకు ఊపిరి యిబ్బందులు ఎక్కువ. అద్దాల పెట్టెలో రెండు మూడు దినములు పెట్టవలసివచ్చిన బిడ్డలనేకులు ఇట్టివారే. ముప్పదియైదవ వారమునాటి శిశువు మెదడు బరువు నలుబదవ వారమునాటి బరువులో మూడింట రెండు వంతులు మాత్రమే. ఆ కడపటి వారములు ఊరకనే గడచుట లేదు. మెదడు పెరుగుచున్నది, క్రొవ్వు పట్టుచున్నది, పాలు చీకు నేర్పు కుదురుచున్నది. తల్లికిని మొదటి కోత తరువాతి కాన్పుల కన్నిటికి అడ్డుపడును. ఆపరేషను ప్రాణము నిలుపు విద్య. దానిని నిందించుట ఎంతమాత్రము తగదు. అవసరమైన వేళ ఒక్క గంట ఆలసించినను ఇద్దరికిని ముప్పు. ఆ అవసరము పంచాంగములో నుండదనుటయే ఇక్కడి మాట.

ఇంటి చిట్కాలను గూర్చి. ఆముదము పట్టుట బహుకాలపు వాడుక. ప్రేగులు కదలుటతో గర్భకోశమును కదలునని నమ్మకము. కొన్ని పరిశీలనలలో ఫలమిచ్చినట్లును, కొన్నింటిలో ఇయ్యనట్లును తేలినది. వాంతులు, విరేచనములు మాత్రము తప్పవు. నీరసించిన తల్లి నొప్పులెట్లు పడును? వెనుక ఆపరేషను జరిగిన స్త్రీకి ఆముదము పట్టుట మరియు ప్రమాదకరము. వైద్యుల అనుమతి లేక పోయరాదు. బొప్పాయి, అనాస తిన్నంతమాత్రమున నిండునెలల స్త్రీకి నొప్పులు వచ్చునని రుజువు లేదు.

ఖర్జూరమును గూర్చి మాత్రము వినదగిన సంగతి యొకటి కలదు. జోర్డాను దేశమున కాన్పుకు ముందు నాలుగు వారములు దినమునకు ఆరేసి ఖర్జూరములు తిన్న 69 మంది స్త్రీలను, తినని 45 మందిని పరిశీలింపగా, తిన్నవారిలో నూటికి 96 మందికి, తిననివారిలో 79 మందికి నొప్పులు వాటంతట అవి వచ్చెనని 2011లో ప్రకటించిరి. పరిశీలన చిన్నది; దీనినిబట్టి నిశ్చయము చెప్పరాదు. ఐనను ఖర్జూరము బలకరమే, మూఢ వైద్యము కాదు. మధుమేహమున్న గర్భిణులు మాత్రము అడిగి తినవలెను.

రోకటి పోటును గూర్చి రెండువేల యేండ్ల క్రిందటనే వాదము జరిగినదన్న ఆశ్చర్యము కలుగును. నొప్పులు పడుచున్నను కాన్పు కాని స్త్రీ చేత రోకలిపట్టించి ధాన్యము దంపింపవలెనని కొందరనగా, ఆత్రేయుడు దానిని ఖండించినట్లు చరకసంహిత శారీరస్థానములో నున్నది. సుకుమారమైన వేళ అంతటి శ్రమ ప్రాణాపాయకరమనియు, ఆవులించుట, అటునిటు నడచుట మాత్రము చేయింపవలసినదనియు ఆయన నిర్ణయము. నేటి వైద్యులును నడకనే మెచ్చుకొందురు. ఉదయము, సాయంకాలము చల్లని వేళ, అలసట కలుగనంత దూరము, ఒకరి తోడుతో నడచుట మేలు. మంచమున వెల్లకిల పరుండుటకంటె ఎడమ ప్రక్కకు ఒత్తిగిలుట, ముక్కాలిపీటపై నిటారుగా గూర్చుండుట హితవు. మంచినీళ్ళు, మజ్జిగ, రాగిజావ తగినంత పుచ్చుకొనవలెను. బియ్యపు బస్తాలు మోయుట, నూతిలో నీళ్ళు తోడుట "కాన్పు సులువగుటకు" అని కోడలిచేత చేయించు అత్తలు ఆత్రేయుని మాట మరొకసారి చదువుదురు గాక.

అన్నిటికంటె ఘోరమైనది ఇంటివద్ద వేయించు నొప్పుల సూది. పాలు చేపించుటకు దొంగచాటుగా గేదెలకు పొడుచుచున్నదియు ఈ మందే. ఆసుపత్రిలో దీనినే చుక్కచుక్కగా, బిడ్డ గుండె చప్పుడు వినుచు, అవసరమైన వెంటనే ఆపుటకు వీలుగా ఎక్కింతురు. ఇంటివద్ద ఒక్కమారు కండకు పొడిచిన సూదిని వెనుకకు తీయుటకు ఎవరి తరము కాదు. గర్భకోశము విడువకుండ ముడుచుకొని, బిడ్డకు రక్తము అందక, పుట్టిన శిశువు ఏడ్వకపోవచ్చును. గర్భకోశము చినిగి తల్లియే పోవచ్చును. "ఒక్క సూదితో కాన్పయినది" అని చెప్పుకొను ఇండ్లు ఊర నుండవచ్చును. కాని వారి అదృష్టము వైద్యము కాదు.

మరి ఎంతవరకు వేచియుండవలెను? ఆరోగ్యవతియైన గర్భిణికి, తేదీ లెక్క నిశ్చయముగా నున్నప్పుడు, నలుబదియొక్క వారములు నిండినయెడల ఆసుపత్రిలో నొప్పులు తెప్పింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అంతకుమించి వేచినకొలది మాయ సన్నగిల్లి, ఉమ్మనీరు తగ్గి, కడుపులోనే బిడ్డ పోవు అపాయము కొంత పెరుగును. ఆ తరుణమున డాక్టరు గాని, తర్ఫీదైన నర్సు గాని, చేతితో పొరలను కొంచెము విడదీసినచో నొప్పులు వాటంతట అవి వచ్చుట కలదు. ఇది ఆసుపత్రిలోనే జరుగవలసినది. ముప్పదితొమ్మిదవ వారముననే నొప్పులు తెప్పించినను ఆపరేషనులు పెరుగవనియు, కొంత తగ్గెననియు 2018లో అమెరికాలో ఆరువేల మందికి పైగా స్త్రీలపై జరిగిన పరిశోధనము చూపినది. ఆ సౌకర్యములు, అట్టి ఓపిక, ప్రతి స్త్రీకి ఒక నర్సు ఉన్న చోటి మాట అది. కిక్కిరిసిన మన వార్డులకు దానిని ఎత్తిపెట్టుటలో జాగ్రత్త అవసరము.

వేచియుండరాని సందర్భములు ఇంటిల్లిపాదికి కంఠస్థము కావలెను. బిడ్డ కదలిక తగ్గినను, నెత్తురు కనబడినను, తల పగిలిపోవుచు కన్నులు మసకలు క్రమ్మినను, మొగము వాచినను, జ్వరము వచ్చినను తేదీతో పనిలేదు, వెంటనే ఆసుపత్రికే. ఉమ్మనీరు పోయినయెడల నొప్పులు లేకున్నను బయలుదేరవలెను. అది పచ్చగా నున్నచో మరి తొందర. రక్తపు పోటు, మధుమేహము ఉన్నవారికిని, కవలల తల్లులకును, వెనుక ఆపరేషనైన వారికిని వేచియుండు గడువు వైద్యులే నిర్ణయింతురు. ఉద్దానములో మూత్రపిండముల వ్యాధి విస్తరించియున్న సంగతి అందరెరిగినదే. ఆ గ్రామముల గర్భిణులు మొదటి నెలలలోనే రక్తపరీక్ష చేయించుకొనుట అవసరము. అట్టివారికి "నొప్పులు వచ్చువరకు చూతము" అను మాట చెల్లదు.

కొండమీది గ్రామముల సంగతి వేరు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురము, సాలూరు కొండలలోని సవర, జాతాపు స్త్రీలకు నొప్పులు వాటంతట అవియే వచ్చును. ముహూర్తము అడుగువారు లేరు. వారి కష్టము నొప్పులు వచ్చిన తరువాతిది. దారిలేని గూడెమునుండి నలుగురు డోలీకట్టి, వాగులు దాటించి, 108 వాహనము నిలుచు చోటికి మోసికొని వచ్చుటలో ఎన్నియో గంటలు గడచును. కొన్ని కాన్పులు దారిలోనే ముగిసినవి, కొందరు తల్లులును దారిలోనే ముగిసిరి. 2005లో 108 వాహనములు ఆంధ్రదేశమున ప్రవేశించినను అవి రోడ్డు ఉన్నంతవరకే వచ్చును.

ఈ చిక్కునకు 2010ల చివరి సంవత్సరములలో సాలూరులో గిరిజనాభివృద్ధి సంస్థవారు ఒక మార్గము కనుగొనిరి. కొండశిఖర గ్రామముల గర్భిణులను నెలలు నిండకముందే దింపుకొని వచ్చి, ఒక వసతి గృహమున ఉంచి, భోజనము పెట్టి, వైద్యపరీక్షలు చేయించుచు, నొప్పులు వచ్చినంతనే ఆసుపత్రికి చేర్చు ఏర్పాటు అది. తొమ్మిదవ నెల రాగానే గర్భిణి సూతికాగారము చేరవలెనని, అనుభవముగల స్త్రీలు ఆమెను చుట్టియుండవలెనని చరకుడు వ్రాసినది ఇంచుమించు ఇదియే. అక్కడ ఎవరును నొప్పుల సూది వేయరు. తోటి గర్భిణులు కలిసి వండిన కూర తిందురు, ముంగిట నడతురు, తమ భాషలో ముచ్చటించుకొందురు. ఇంటివద్ద విడిచివచ్చిన పెద్దపిల్లలను తలచుకొని కొందరు కన్నీరు పెట్టుకొందురు. రెండు దినములుండి కొండకు తిరిగిపోదుమని పట్టుపట్టువారును కలరు. అందుకే పిల్లలను వెంటదెచ్చుకొనుటకు చోటు, భర్త వచ్చి చూచుటకు వీలు కల్పించిన కొలది ఇట్టి గృహములలో తల్లులు నిలుతురు. మైదాన గ్రామములలో అట్టి గృహము కట్టనక్కర లేదు. పుట్టింటి వెనుక గదిలో ఒక మంచము, గాలి వచ్చు కిటికీ, గోడమీద లెక్క వ్రాసిన క్యాలెండరు, రాత్రివేళ పిలిచిన పలుకు ఆశా కార్యకర్త, ముందే మాటాడి ఉంచిన బండి యుండిన చాలును.